రీసైకిల్ బిన్‌పై త్రిసభ్య కమిటీ

ఒక జాతి ఎంత నాగరికమైనదో, అది పారేసే వస్తువుల్ని ఎంత క్రమశిక్షణతో పారేస్తుందో చూసి చెప్పవచ్చు. ఆ లెక్కన 2002లో ప్రపంచంలోకెల్లా నాగరికమైన చోటు ఉక్కునగరంలో మా పక్క క్వార్టరు. (రెండో స్థానం ఖాళీగా ఉంది.)

ఆ క్వార్టరు సింహాద్రిది. అతను ఇరవై ఏళ్లుగా స్టీలు ప్లాంటు స్టోర్సులో ఉద్యోగి. తుప్పుపట్టిన బోల్టును కూడా మూడు సంతకాలు పడందే చెత్తలో వెయ్యని మనిషి. ఆ ఏడాది ఇంటికి కంప్యూటరు కొన్నాడు. ఒక మీట నొక్కగానే ఫైలు ఎవరి సంతకమూ లేకుండా మాయమవడం చూసి అతనికి చెమటలు పట్టాయి. ఫైలు ఎక్కడికీ పోదు, రీసైకిల్ బిన్‌లో పడుతుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చని నేను ధైర్యం చెప్పాను.

"ఎనక్కి తేడానికి పర్మిషన్ ఎవుడిత్తాడు బావా?"

"పర్మిషన్ ఏటి? మౌసు నొక్కితే వచ్చేత్తాది."

"అలగయితే అది స్టోర్సు కాదు, సంత," అన్నాడు సింహాద్రి.

వారం తిరక్కుండా త్రిసభ్య కమిటీ ఏర్పడింది. అధ్యక్షుడు సింహాద్రి. సాంకేతిక సభ్యుణ్ణి నేను, పోలిరాజుని, బ్లాస్ట్ ఫర్నేసులో షిఫ్టు ఉద్యోగిని. మూడో సభ్యురాలు అతని తల్లి తవిటమ్మ. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆవిడొక్కతెకే తెలుసన్నది ఆవిడ అర్హత. బిన్‌లోంచి ఏది బయటికి తియ్యాలన్నా దరఖాస్తు ఉండాలి, ముగ్గురం ఒకేసారి హాజరవ్వాలి. పాస్‌వర్డు అధ్యక్షుడి దగ్గరే ఉంటుంది. చెత్త పోగుపడకుండా బిన్ పరిమాణాన్ని హార్డ్ డిస్కులో ఒక్క శాతానికి కుదించాడు.

కంప్యూటరు మొత్తం మీద జరిపిన తొలి తనిఖీలోనే ఒక అనుమానాస్పద ఫైలు దొరికింది. దాని పేరు "కొత్తది". కోడు నంబరు లేదు. కోడు లేని సరుకు దిక్కులేని సరుకు కనక అధ్యక్షుడు దాన్ని స్వహస్తాలతో డిలీట్ చేశాడు. పారెయ్యడానికి కూడా ముగ్గురం ఉండాలి కదా అని అడిగాను. అది అత్యవసర అధికారమట.

అది అతని భార్య సూర్యకళ రేడియో వాళ్ల పోటీకని రాసుకున్న నాటకం. మూడు నెలలపాటు మధ్యాహ్నాలు, వంటిల్లు సర్దుకున్నాక, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు వేళ్లతో టైపు చేసింది. కాగితం మీద ఒక్క ముక్క లేదు. పోటీ గడువు తొమ్మిది రోజులుంది.

"అన్నయ్యా, నొక్కితే వచ్చేత్తాదన్నావు గదా, ఓపాలి నొక్కీ," అని అడిగింది. నొక్కేవాణ్ణే. ఈలోగా అధ్యక్షుడు దరఖాస్తు ఫారం ఆవిడ చేతిలో పెట్టాడు.

మొదటి రోజు దరఖాస్తు తిరిగొచ్చింది, కోడు నంబరు రాయలేదని. కోడు ఇవ్వాలంటే ఫైలు వాడుకలో ఉండాలి. వాడుకలో ఉండాలంటే బిన్‌లోంచి బయటికి రావాలి. ఈ చిక్కుముడిని విప్పడానికి అధ్యక్షుడికి రెండో రోజంతా పట్టింది, చివరికి ప్రత్యేక కేసుగా పరిగణించాడు. తర్వాత రెండు రోజులు నాకు బి షిఫ్టు, ఇంటికొచ్చేసరికి రాత్రి పది దాటేది, కోరం లేదు. అయిదో రోజు నాకు ఖాళీ దొరికింది గానీ తవిటమ్మ చేపలు కొనడానికి గాజువాక వెళ్లింది. (చేపల కోసం వెళ్లిన సభ్యురాలి గైర్హాజరు సెలవు కింద వస్తుందా, విధి నిర్వహణ కింద వస్తుందా అన్న చర్చ గంటన్నర సాగింది.)

ఆరో రోజు ముగ్గురం కూడాం. తవిటమ్మకి సంతకం రాదు, వేలిముద్ర వెయ్యాలి. ఆ ముద్ర కంప్యూటర్లో భద్రపరచాలి కనక అధ్యక్షుడు స్కానరు తెప్పించాడు. మొదటి ముద్ర మసగ్గా వచ్చింది, డిలీట్ చేశాడు. రెండోది వంకర, డిలీట్. మూడోదాని మీద చింతపండు ఉంది. అలా ఆరు పోయాయి.

"ఒరే, కోడలు కూకోని రాసుకున్నదేదో దానికిచ్చీరా. నా బొటనేలు అరిగిపోతంది," అంది తవిటమ్మ.

"నువ్వు సబ్యురాలివమ్మా. అలగ మాటాడకూడదు."

ఏడోది పాసయింది. బిన్ తెరిచాం. అందులో నాలుగు బొటనవేళ్లున్నాయి. నాటకం లేదు.

స్కాన్ చేసిన బొమ్మలు మహా బరువు. చిన్న బిన్ నిండిపోతే కొత్తవాటికి చోటివ్వడం కోసం అన్నిటికన్నా పాతది శాశ్వతంగా పోతుంది. అన్నిటికన్నా పాతది నాటకమే, దాని వెనకే మొదటి రెండు వేళ్లూ పోయాయి. ఇదంతా నేను వివరిస్తుంటే సింహాద్రి మొహం వెలిగిపోయింది.

"ముందొచ్చింది ముందు పోవాల. మా స్టోర్సు రూలే గదా బావా. దీనికెవుడు నేర్పాడంటావ్?"

పోయిన ఫైళ్లను తవ్వితీసే సాఫ్ట్‌వేర్ దొరుకుతుందేమో చూద్దామన్నాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఈ కమిటీ పరిధిలోకి రాదన్నాడు.

సూర్యకళ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అయితే నాటకం ఇంక నేదా అన్నయ్యా?" అంది. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే చూపించిన చోట సంతకం పెట్టాను.

అధ్యక్షుడు ఆవిడకి ఉత్తర్వు అందజేశాడు. సదరు ఫైలును తిరిగి ఇచ్చుటకు కమిటీ ఏకగ్రీవముగా అనుమతించడమైనది. ఫైలు లేకపోవడం వేరే అంశం, దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

ఆవిడ చేసుకోలేదు. గడువు దాటిపోయింది. ఆవిడ మళ్లీ ఆ కంప్యూటరు ముందు కూర్చోగా నేను చూడలేదు. డిసెంబరులో కమిటీ తన వార్షిక నివేదికను హాలు గోడకి అంటించింది. అందిన దరఖాస్తులు ఒకటి, మంజూరు చేసినవి ఒకటి, ఫిర్యాదులు లేవు.