ఫ్రెంచిపేట నుంచి ఫ్రాన్సుకి

ఆదివారం ఉదయం ఎలీసబెతమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని, చిన్న కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని గుడికి బయల్దేరింది. ఆమె పథకం సాదాసీదాది. గురువారం పదింటికి హైదరాబాదు వీసా ఆఫీసులో వేలిముద్రలివ్వాలి. వీసా వస్తే వచ్చే నెలలో పది రోజులు ఫ్రాన్స్ చూసి రావాలి. అదీ ఒక్కతే. బందరు ఫ్రెంచిపేటలో పుట్టి పెరిగి, ముప్పై నాలుగేళ్లు నర్సు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తమ పేటకి పేరిచ్చిన ఆ దేశమేమిటో చూడాలని చిన్ననాటి నుంచీ కోరిక. భర్త దేవసహాయానికి విమానమంటే భయం. ఆయన భయానికి తన కోరిక ఎందుకు బలి కావాలన్నది ఆమె ప్రశ్న. దానికి ఇంతవరకూ ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

వాళ్ళ గుడిలో ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి పాస్టరుగారికిస్తారు. ఆయన వాటిని చదివి అందరిచేతా ప్రార్థన చేయిస్తారు. ఆ రోజు ఇరవై ఆరు చీటీలు వచ్చాయి. పరీక్షలు, మోకాళ్ళ నొప్పులు, సంబంధాలు. పన్నెండు దాటుతోంది, జనానికి ఆకలేస్తోంది. పాస్టరుగారు చీటీలను కుదించడం మొదలెట్టారు. ఎలీసబెతమ్మ చీటీలోని వీసా, వేలిముద్రలు, హైదరాబాదు ఆ కుదింపులో పోయాయి.

"గురువారం ఎలీసబెతమ్మగారు ఫ్రాన్స్ వెళ్తున్నారు. ప్రార్థించుకుందాం."

ఆమెన్ అనేలోగా వాట్సాప్‌లో పడింది.

సాయంత్రానికి మరిది విజయ్ కుమార్ వచ్చాడు. గుడి సంఘానికి కార్యదర్శి. ఊళ్ళో ఎవరి పరువు పోయినా ముందు తనకి తగులుతుందని నమ్మే మనిషి.

"ఇదేంటి వదినా? ఆడమనిషి ఒక్కరే అంత దూరం వెళ్తారా? సంఘంలో నేను తలెత్తుకోవద్దూ?"

"నేను విమానం ఎక్కితే నీ తల ఎందుకు దిగుతుంది విజయ్?"

"పోనీ, అన్నయ్యని తీసుకెళ్ళండి."

"మీ అన్నయ్య ఏరు దాటి ఎదురుమొండి వెళ్ళే పంటు ఎక్కితేనే కళ్ళు మూసుకుంటారు. సముద్రాలు ఏం దాటతారు?"

"అయితే మానేయండి. గురువారం ప్రయాణం లేదని నేనే అందరికీ చెప్తాను."

అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచిన ఎలీసబెతమ్మకి ఆ మాటతో ఒళ్ళు మండింది. "గురువారమే వెళ్తున్నాను. ఎవరు అడ్డమొస్తారో చూస్తాను!" అనేసింది.

అతను వెళ్ళాక దేవసహాయం మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళేది వేలిముద్రలకని చెప్పేస్తే పోయేదిగా?"

"చెప్తే, వదిన వెనక్కి తగ్గిందంటాడు మీ తమ్ముడు. ఇప్పుడు తగ్గానంటే ఇక జన్మలో నన్ను ఈ పేట దాటనివ్వరు. మీరు ఊరుకోండి."

ఆయన ఊరుకున్నాడు. ఆ విద్యలో ఆయనది నలభై ఏళ్ల అనుభవం.

సోమవారం నుంచి పొట్లాలు రావడం మొదలైంది. ఎదురింటి కుమారి పారిస్‌లో ఉన్న మేనకోడలికి రెండు సీసాల ఆవకాయ ఇచ్చింది. గుడివాడ నుంచి దేవసహాయం స్నేహితుడు గోవర్ధనరావు మినప వడియాల డబ్బా మోసుకొచ్చాడు. కూచిపూడి నుంచి యుగంధర్ అనే నాట్యాచార్యుడు ఎవరో చెబితే విని, అక్కడి శిష్యురాళ్ళకి ఆరు జతల గజ్జెలు పంపాడు. వద్దంటే ప్రయాణం అబద్ధమనుకుంటారు. ఎలీసబెతమ్మ పళ్ళు బిగించి అన్నీ తీసుకుంది.

మంగళవారం విజయ్ కుమారే వచ్చాడు, చేతిలో గిలకలదిండి ఎండు రొయ్యలు, నాలుగు కిలోలు.

"మా అమ్మాయి దీవెన జర్మనీలో ఉంది కదా. మీరెలాగూ మాట వినరు. పక్క దేశమేనంట, కాస్త అందేలా చూడండి."

"ఒంటరి ఆడమనిషిని. ఇంత బరువు మోయగలనా?" అందామె.

"మీరా! పేషెంట్లని మోసిన చేతులు వదినా!"

బుధవారం మధ్యాహ్నం వీడ్కోలు ప్రార్థన, ఫ్లెక్సీ, శాలువా, ఫొటోలు. అక్కణ్ణుంచి అందరూ స్టేషనుకి వచ్చి హైదరాబాదు రైలెక్కించారు. పెట్టె ఎత్తినప్పుడల్లా గజ్జెలు ఘల్లుమన్నాయి. రొయ్యల వాసనకి బోగీలో చుట్టుపక్కల సీట్లు ఖాళీ అయ్యాయి. ఎలీసబెతమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది.

గురువారం పెట్టెల్ని స్టేషను సామాన్ల గదిలో పడేసి, వేలిముద్రలిచ్చి, శుక్రవారం పొద్దున్నే బందరులో దిగింది. దాక్కోవాలని ఆమెకి ఒక్క క్షణం కూడా అనిపించలేదు. పట్టపగలు ఆటోలో, గజ్జెల చప్పుడుతో పేటలోకి వచ్చింది. కుమారి చూసింది. గంటలో పేటంతా తేల్చేసింది: ఎండు రొయ్యల వాసనకి ఎయిర్‌పోర్టు కుక్క పెట్టెను పట్టేసింది, ఎలీసబెతమ్మని వెనక్కి తోలేశారు.

మధ్యాహ్నానికి విజయ్ కుమార్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పు నాదే వదినా. రొయ్యలు..."

"లోపలే ఉన్నాయి. తీసుకెళ్ళు. నేను వెళ్ళింది వేలిముద్రలివ్వడానికి. ఇచ్చొచ్చాను."

"వేలిముద్రలు కూడా తీసుకున్నారా!"

"పది వేళ్ళవీ. ఫొటో కూడా తీశారు."

విజయ్ కుమార్ అరుగు మీద కూలబడ్డాడు. "మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"వాళ్ళే కబురు పెడతారు. విజయ్, అది వీసా ఆఫీసు. పాస్టరుగారు చీటీ సగమే చదివారు. నేనింకా ఎక్కడికీ వెళ్ళలేదు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా పరువు కాపాడ్డానికి మీరు ఇలా కూడా చెప్తారని నాకు తెలుసు. వద్దు వదినా, ఇంకేం చెప్పకండి."

ఎలీసబెతమ్మ నెత్తి కొట్టుకుంది. పాస్టరుగారే వచ్చి తప్పు తనదన్నారు. ఆయన మంచితనాన్ని అందరూ మెచ్చుకున్నారు కానీ ఒక్కరూ నమ్మలేదు. ఎవరి పొట్లం వాళ్ళు తలవంచుకుని తీసుకెళ్ళారు.

ఆ ఆదివారం కార్యదర్శి లేచి నిలబడ్డాడు. "మన స్వార్థం వల్ల ఒక తల్లి ప్రయాణం ఆగింది. ఆమెని మళ్ళీ పంపాలి. ఈసారి పొట్లం పట్టుకుని ఎవరొచ్చినా ఊరుకోను. ఆడమనిషి ఒక్కతే ఎలా వెళ్తుందని ఎవరన్నా అంటే నాతో చెప్పండి!"

ఆ మాట మొదట అన్నది అతనే కాబట్టి ఎవరూ ఏమీ చెప్పలేదు. వింటున్న ఎలీసబెతమ్మకి మాత్రం కోపం, నవ్వు, కాస్త జాలి ఒకేసారి వచ్చాయి. ఇంత ఊరిని ఎదిరించి నిలబడితే రాని అనుమతి ఒక్క అబద్ధపు కుక్క ఇప్పించింది. తనకి కావలసింది ప్రయాణం. దానికి అడ్డు తొలగింది. ఇక కుక్క లేదని చెప్పడం మానేసింది.

పన్నెండో రోజున వీసా వచ్చింది. బయల్దేరే రోజున విజయ్ కుమార్ స్టేషనులో చేతులు చాపి జనాన్ని ఆపుతున్నాడు. అంతలో దేవసహాయం పరుగెత్తుకొచ్చాడు, కండువా కింద గోంగూర పచ్చడి సీసా.

"కాస్తే ఎలీసబెతూ, నోటికి రుచిగా..."

విజయ్ కుమార్ సీసా లాక్కున్నాడు. "అన్నయ్యా, మీకు దణ్ణం పెడతాను! వదినని ఒంటరిగా వెళ్ళనివ్వండి!"

ఎలీసబెతమ్మ ఒక్క చేతిసంచితో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది. గోంగూర మాత్రం సంఘ కార్యదర్శి స్వాధీనంలో ఉండి, ఆదివారానికల్లా అయిపోయింది.