ఎక్కడికైనా మా మీదుగా ఒక్క అంగే

ఒక పెద్ద అడవిలో (పెద్దదని దాని అధ్యక్షుడు చెప్పుకోవడమే గానీ, కొలిస్తే మధ్యరకమే) ఆ అధ్యక్షుడు ఎలుగుబంటికే పన్ను పుచ్చింది. తేనె తిని తిని పుచ్చింది. దవడ బూరెలా ఉబ్బి గుటక కూడా పడటం లేదు. మూడు అడవుల అవతల చిత్తడిలో ఉండే కొంగ వైద్యుడు వచ్చి పీకాలి. ఆయనేమో పేరున్న అడవులకే ముందు వెళతాడు. వీళ్ళకి "వచ్చే నెల చూద్దాం" అని కబురు పెట్టాడు.

ఆ అడవి నుంచి బయటికి ఏ చీటీ పోవాలన్నా సరిహద్దు గట్టు మీది ఉడుము కోటిలింగం పంపాల్సిందే. రోజూ పొద్దున్నే పక్క అడవి ఉడుము గట్టుకి అటువైపు వచ్చి కూర్చునేవాడు. "మా మీదుగా ఫలానా చోటికి పోవచ్చు, ఇన్ని అడవులు దాటాలి" అని ఇద్దరూ చెప్పుకునేవారు. విన్నది విన్నట్టు అవతలి ఉడుములకి చేరవేసేవారు. వెళ్ళి చూసొచ్చే అలవాటు ఉడుముల వంశంలోనే లేదు.

కార్యదర్శి ముంగిసకి అక్కడే ఆలోచన తట్టింది.

"అయ్యా, చిత్తడికైనా, కొండకైనా, ఏటికైనా మా మీదుగా ఒక్క అంగే అని చాటిద్దాం. అడవులన్నీ మన గడప తొక్కుతాయి. మనకి పేరొస్తుంది, మర్నాడే కొంగ వాలుతుంది."

"మనకి తెలిసిన దారే ఒక్కటండీ, అదీ పక్క అడవి మీదుగా" అని గొణిగాడు కోటిలింగం. "చెబితే నమ్మేస్తారండీ."

"నమ్మడమేగా కావాల్సింది?"

"అదేనండీ నా భయం."

"నువ్వు భయపడటానికి కాదయ్యా, చెప్పడానికి ఉన్నావ్" అన్నాడు ఎలుగుబంటి దవడ పట్టుకుని.

తెల్లారి కోటిలింగం చాటాడు. మధ్యాహ్నానికల్లా ఎనిమిది అడవుల ఉడతలు చీటీలు పట్టుకుని వచ్చిపడ్డాయి. కాలిబాటలు కిక్కిరిసిపోయాయి. కుందేళ్ళ బొరియలు కూలాయి. ముంగిస ఆ గుంపు చూసి మురిసిపోయాడు.

నొప్పికి తాళలేక ఎలుగుబంటి చీటీ రాయించాడు: "మాదిప్పుడు పేరున్న అడవి. వెంటనే రావలెను."

కోటిలింగం దాన్ని తనకి తెలిసిన ఒకే ఒక్క దారిన పక్క అడవికి పంపాడు. పక్క అడవి ఉడుము చూశాడు. చిత్తడికా? కోటిలింగం మీదుగా ఒక్క అంగే కదా అనుకుని వెనక్కి పంపాడు. కోటిలింగం మళ్ళీ పంపాడు. అది మళ్ళీ వచ్చింది. పదిహేడోసారికి చీటీ నలిగి పీలికైంది. మోస్తున్న ఉడత సొమ్మసిల్లింది.

"అబద్ధమని చెప్పి చావరా వాళ్ళకి" అని ఏడ్చాడు ఎలుగుబంటి.

"చెప్పానండీ. నిన్న ఒకటి, ఇవాళ ఒకటి చెబితే ఎలా, మీ అధ్యక్షుడి చేత రాయించి పంపు అన్నాడండీ పక్క అడవి ఉడుము."

రాయించి పంపారు. ఆ చీటీ ఇంకా గుంపులోనే ఉంది.

ముంగిస మాత్రం పీలికని ఎలుగుబంటి ముందు భక్తిగా పెట్టాడు. "చూశారా అయ్యా మన పరపతి, మీ చీటీ కూడా మన దగ్గరికే వచ్చింది."

నీతి: దారి తెలియనివాడు ఎవరినైనా అడగొచ్చు, దారి తానేనని చాటుకున్నవాడికి అడగడానికి ఎవడూ మిగలడు.