విమానమెక్కిన సగం గడ్డం

పొద్దున్నే విమానమెక్కాలి. దిగగానే తీరిగ్గా గడ్డం గీసుకోవాలి. నున్నటి మొహంతో పెద్దాఫీసుకు వెళ్ళి డైరెక్టరుగారి ఎదుట కూర్చోవాలి. పంపుల మరమ్మతు వర్క్‌షాపు మేస్త్రి ఆ రోజుకు వేసుకున్న పథకం ఇంతే. పాత పంపులు బాగుచేయడం కన్నా వాటిని పారేయించి కొత్తవి అమ్ముకోవడమే లాభమని, నెలాఖరుకు వర్క్‌షాపు మూసేస్తామని పెద్దాఫీసు నుంచి కబురొచ్చింది. మేస్త్రి వెళ్ళి ఒప్పించి వస్తే వర్క్‌షాపులో వాళ్ళందరికీ పని ఉంటుంది. లేకపోతే అందరూ ఇంట్లో కూర్చోవాల్సిందే.

కంపెనీ కొనిచ్చింది చవక టికెట్టు. చేతిసంచీ తప్ప ఇంకేమీ తీసుకెళ్ళడానికి లేదు. ఆ సంచీలో ఏ గడ్డం సామాను పెట్టాలన్న దగ్గర తెల్లవారకుండానే ఇంట్లో తగువు మొదలైంది.

“బావా, ఈ కరెంటు మిషను పట్టుకెళ్ళు. ఎవరూ ఆపరు. బుర్రున తిప్పితే అయిపోతుంది,” అన్నాడు సాగనంపడానికి వచ్చిన బావమరిది.

“మిషను పెట్టి కత్తిరించడానికి నేనేమన్నా గొర్రెనా?”

“పోనీ ఈ ప్లాస్టిక్ రేజరు తీసుకో. దీన్నీ పోనిస్తారు. ఒకసారి గీసుకుని అవతల పారెయ్.”

మేస్త్రి చొక్కా మడతపెట్టడం ఆపి బావమరిదిని ఎగాదిగా చూశాడు. “పారేసేవాళ్ళతో పోట్లాటకు వెళ్తూ పారేసే రేజరు పట్టుకెళ్ళమంటావా? బుద్ధులు పంచేటప్పుడు మీ అక్క తీసుకోగా మిగిలిందే నీకిచ్చినట్టున్నారు.”

“మధ్యలో నన్నెందుకు లాగుతారు?” అంది భార్య వంటింట్లోంచి.

మేస్త్రిది తండ్రి వాడిన ఇనప రేజరు. మర తిప్పితే మూత విడివడుతుంది, మధ్యలో బ్లేడు పెట్టుకోవాలి. బ్లేడు తీసేస్తే పిడిని పోనిస్తారని ఆయన ముందే విచారించుకున్నాడు. దిగాక ఏ కొట్లోనో ఒక బ్లేడు కొనుక్కుంటే సరిపోతుంది. ఉన్న బ్లేడు తీసి కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాడు.

ముఖ్యమైన పని ఉన్న రోజున ఆయన రేజరులో కొత్త బ్లేడు వేసి ఉంచడం పెళ్ళైనప్పటి నుంచీ భార్యకు అలవాటు. చెప్పి వేయదు. అడిగితే ఒప్పుకోదు.

విమానాశ్రయంలో అందరి సంచీలూ ముందుకు కదిలాయి, మేస్త్రిది ఆగింది.

“ఇందులో బ్లేడుందండీ,” అంది తనిఖీ అధికారిణి.

“లేదమ్మా. నా చేత్తో నేనే తీశాను.”

“తెర మీద కనబడుతోంది.”

“మీ తెరకి చత్వారం వచ్చిందేమో. బ్లేడుంటే నా చెవి కోసి ఇస్తాను.”

“చెవి వద్దండీ. మూత విప్పండి చాలు.”

మేస్త్రి ధీమాగా మర తిప్పాడు. కొత్త బ్లేడు తళుక్కుమంది.

“ఇది మా ఆవిడ పని,” అన్నాడు.

“దొరికినవాళ్ళందరూ ఆవిడ మీదే చెప్తారు,” అంది వరుసలో వెనక నుంచి ఒక గొంతు.

అధికారిణి అంతటితో ఆగలేదు. గీసుకున్నాక రాసుకునే లోషను సీసా బయటికి తీసింది. అడుగున చెంచాడు మిగిలి ఉంది. “సీసా పెద్దది. పనికిరాదు.”

“లోపలున్నది చెంచాడే కదమ్మా.”

“మేం చూసేది సీసానేనండీ, లోపల ఎంతుందో కాదు.”

“రేజరుకేమో లోపల చూస్తారు, సీసాకి పైన చూస్తారు. ఇదెక్కడి న్యాయం?”

ఆమె నవ్వాపుకుని చెత్తబుట్ట చూపించింది. చూపించకుండా ఉంటే బాగుండేది. ఆ బుట్టను చూడగానే మేస్త్రికి పంతం పట్టింది. కొత్త బ్లేడును ఒక్కసారి కూడా వాడకుండా పారేయడం తన వల్ల కాదని, బయటికెళ్ళి ఇప్పుడే గీసుకుని వస్తానని చెప్పాడు.

“మీ ఇష్టం. విమానం మాత్రం మీ గడ్డం కోసం ఆగదు,” అంది అధికారిణి.

మరుగుదొడ్ల దగ్గరి అద్దం ముందు నిలబడి ఆయన తీరిగ్గా నురగ పట్టించాడు. మరమ్మతులోనూ గడ్డంలోనూ తొందర పనికిరాదని ఆయన నమ్మకం. కుడి చెంప అద్దంలా తేలింది. ఎడమ చెంప మీద బ్లేడు పెట్టబోతుండగా, రావలసిన ఒకే ఒక్క ప్రయాణికుడు వెంటనే రావాలని మైకు అరిచింది. మేస్త్రి బ్లేడును కాగితంలో చుట్టి బుట్టలో వేశాడు. లోషను వదిలిపెట్టడానికి మనసొప్పక మెడ మీద ఒంపేసుకున్నాడు. ఎడమ చెంప నురగ తుడుచుకుంటూ పరుగెత్తాడు.

విమానంలో కిటికీ పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. కుడి చెంప ఆవిడ వైపుంది. కాసేపు ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, పంపు కీళ్ళు అరిగితే ఏం చేయాలో మేస్త్రి చెప్పాడు. తర్వాత ఆవిడ చేతులు కడుక్కోవడానికి లేచింది. మళ్ళీ లోపలికి దూరే శ్రమ ఎందుకని మేస్త్రి కిటికీ వైపు జరిగి తన సీటు ఆవిడకు వదిలాడు. తిరిగొచ్చి కూర్చున్న ఆవిడ ఎడమ చెంపను అనుమానంగా చూసింది.

“ఇందాక ఇక్కడ కూర్చున్న అబ్బాయేడి నాయనా?”

“నేనేనమ్మా.”

“నువ్వు కాదులే. ఆ అబ్బాయి శుభ్రంగా ఉన్నాడు.” కాస్త వాసన చూసి, “అతని సెంటు కూడా నువ్వే పూసుకున్నట్టున్నావు,” అంది.

ఆ తర్వాత దిగేదాకా ఆవిడ తన చేతిసంచీ ఒళ్ళోంచి దించలేదు.

కిందికి దిగేసరికి ఆఫీసు డ్రైవరు గుమ్మంలో తచ్చాడుతున్నాడు. “డైరెక్టరుగారు వచ్చి కూర్చున్నారండీ. త్వరగా రండి.” ఎదురుగా ఒకే ఒక్క కొట్టు. అందులో గుత్తులుగా వేలాడుతున్నవన్నీ ప్లాస్టిక్ రేజర్లే.

“బ్లేడు లేదా?”

“ఇవే ఉన్నాయి సార్. ఒకసారి గీసి పారేయొచ్చు. సగం పని ఎలాగూ అయిపోయింది కదా.”

మేస్త్రి ఆ గుత్తిని చూశాడు. కొట్టు అద్దంలో తన రెండు చెంపలనూ చూసుకున్నాడు. “అక్కర్లేదు. ఈ మొహంతోనే వెళ్తాను,” అన్నాడు.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు. దారంతా వల్లె వేసుకున్న ఉపన్యాసంలో మేస్త్రికి ఒక్క ముక్క గుర్తురాలేదు.

“మీ గడ్డం సగమే గీసి ఉంది. తెలుసా మీకు?”

“తెలుసండి.”

“ఇలా వచ్చారేమిటి మరి?”

“మా బెంచీల మీద రైతులవీ, ఇళ్ళవాళ్ళవీ పంపులు విప్పి ఉన్నాయండి. నెలాఖరుకి మూసేస్తే అవి ఇలాగే ఉంటాయి. అరగంట ఈ మొహం చూడ్డానికే మీకు ఇబ్బందిగా ఉంది. విప్పిన పంపు ఇంట్లో పెట్టుకున్నవాడు మీ దగ్గర కొత్తది కొంటాడాండి?”

పక్కనున్న గుమాస్తా దగ్గు నటించాడు. డైరెక్టరుగారు నవ్వలేదు.

“సరే. విప్పినవన్నీ బిగించండి. విప్పిన పంపు ఒక్కటి కూడా లేని రోజున తాళం వేద్దాం. అంతకు మించి అడక్కండి.”

“అంతకన్నా ఏం అడుగుతానండి,” అని మేస్త్రి వినయంగా దండం పెట్టి గది దాటాడు. మెట్ల మీదే నిలబడి వర్క్‌షాపుకు ఫోన్ చేశాడు.

“ఏమన్నారు మేస్త్రీ? మూసేస్తారంటా?”

“విప్పిన పంపు ఉన్నన్నాళ్ళూ మూయరంట. మూల బాగానే ఉన్న పంపొకటుంది చూడు, ముందు దాన్ని విప్పు.”

అది జరిగి చాలా ఏళ్ళయింది. ఆ పంపు ఇంకా బిగించలేదు.