టార్చి వెలిగితే అరవాలి

ఆ శనివారం ఉదయం మేనేజరు పళ్ళు తోముకుంటూనే గట్టిగా తీర్మానించుకున్నాడు. ఇవాళ మార్నింగ్ షోలో ఎవరో ఒకరు కెవ్వున కేక పెట్టి తీరాలి. వాళ్ళంతట వాళ్ళు పెడితే సరే, లేకపోతే తనే పెట్టిస్తాడు.

ఆయన పంతానికి కారణం ఉంది. ఆయన నడిపే సినిమా హాలు ఆయనది కాదు, భార్య అన్నగారిది. ఇంట్లో "బావగారూ" అనీ, హాల్లో "సార్" అనీ పిలవాల్సిన మనిషి. ఆ పెద్దమనిషికి కొన్నాళ్ళుగా హాలు మూసేసి, సోఫాలూ మంచాలూ అమ్ముకునేవాళ్ళకి అద్దెకిచ్చేయాలని బుద్ధి పుట్టింది. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, మంచి దయ్యం సినిమా ఒకటి వేస్తాననీ, జనం భయపడడానికి ఎగబడి వస్తారనీ చెప్పి ఒప్పించాడు.

"భయపడ్డానికి టికెట్టు కొనుక్కుని మరీ వస్తారుటయ్యా?" అన్నాడు బావగారు. "భయమే కావాలంటే ఇంట్లో కూర్చుంటే సరిపోదూ? సరే, శనివారం పొద్దున ఆటకి నేనే వస్తా. జనం అరిచారా, హాలు ఉంటుంది. అరవలేదా, సోమవారం నుంచి సోఫాలు."

తీరా శుక్రవారం మొదటి ఆటలో దయ్యం తలుపు తోసుకుని వచ్చేసరికి ముందు వరసలో ఒకాయన హాయిగా ఆవలించాడు. వెనకనుంచి ఎవరో, "పాపం, దయ్యానికి జలుబు చేసినట్టుందిరా" అన్నారు. అంత పెద్ద హాల్లో నలుగురక్కడా నలుగురిక్కడా కూర్చుంటే భయం ఎలా పుడుతుంది? భయం కూడా ఆవలింత లాంటిదేనని మేనేజరు నమ్మకం. ఒకరు మొదలుపెడితే చాలు, హాలంతా అందుకుంటుంది. కావలసిందల్లా ఆ మొదలుపెట్టే మనిషి.

ఆ మనిషి వెతుక్కోనక్కర లేకుండా ఇంట్లోనే ఉంది. బాత్రూములో బొద్దింక కనపడితే మేనేజరు వదినగారు వేసే కేకకి పక్క వీధి కుక్కలు కూడా లేచి మొరుగుతాయి. ఆయన ముఖం తుడుచుకుని సరాసరి వంటింట్లోకి నడిచాడు.

"వదినా, ఇవాళ నువ్వు సినిమాకి రావాలి. దయ్యం సినిమా. దయ్యం రాగానే బొద్దింకని చూసినట్టు ఒక్క కేక పెట్టాలి."

"దయ్యాన్ని చూసి నేనెందుకు అరుస్తాను మరిదీ?" వదిన ఆశ్చర్యపోయింది. "అది టికెట్టు కొనుక్కుని వెళితేగానీ కనపడదు. మూడు గంటల ఆట అవగానే బుద్ధిగా పోతుంది. బొద్దింకకి ఆ మర్యాద ఎక్కడుందీ? నాకు దయ్యం సినిమాలంటే సరదా. నవ్వుకుంటూ చూస్తాను."

"నవ్వితే కొంప మునుగుతుంది వదినా! హాలు పోతుంది. నేను సోఫాలమ్ముకోవాలి."

వదినకి జాలేసింది. "సరే, అరుస్తాలే. కానీ సినిమాలో పడితే నాకు ధ్యాస ఉండదు. ఎప్పుడు అరవాలో ఎవరైనా చెప్పాలి."

మేనేజరు ఆలోచించాడు. చీకట్లో పైకి వినపడకుండా చెప్పాలంటే ఒకటే దారి. "మన గేటు బాబాయి మెట్ల దగ్గర టార్చి వెలిగిస్తాడు. టార్చి వెలిగితే అరవాలి. అంతే."

హాల్లో టికెట్టు చింపి, టార్చి వేసి సీటు చూపించే గేటు బాబాయి మేనేజరు కంటే చాలా పాతవాడు. మేనేజరు ఆయన్ని పక్కకి పిలిచి సంగతంతా చెప్పాడు. "దయ్యం తలుపు తోసినప్పుడు టార్చి ఒక్కసారి వెలిగించి ఆర్పెయ్ బాబాయ్. మూడో కంటికి తెలియకూడదు."

"నాకు చెప్పాలా బాబూ?" అన్నాడు బాబాయి. మంచివాడే గానీ ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పది నిమిషాల్లో క్యాంటీన్ అక్క చెవిలో వేశాడు. సోఫాలొస్తే తన పాప్‌కార్న్ యంత్రం ఏ మూలన పడేస్తారోనని అక్కకి గుండె దడ పట్టుకుంది. ఒక్క ఆడమనిషి కేక అంత హాలుకి ఏం సరిపోతుందని, తనతో పొద్దున్నే వాకింగుకి వచ్చే ఆడవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. "టార్చి వెలగ్గానే గొంతు చించుకుని అరవండమ్మా. నా ఉద్యోగం మీ గొంతుల్లో ఉంది."

పైన గదిలో సినిమా వేసే ఆపరేటరుకీ ఉప్పందింది. అతను అద్దెకున్న మేడలో వాళ్ళందరినీ బతిమాలి, పిల్లా పెద్దా అందరినీ తోలుకొచ్చాడు. ఎవరికి వారే, తాము చేస్తున్న సాయం మేనేజరుకి తెలిస్తే నొచ్చుకుంటాడని గుట్టుగా ఉంచారు.

ఆట వేళకి హాలు నిండిపోయింది. మేనేజరుకి కళ్ళు తిరిగాయి. నిన్న ఆవలించిన సినిమాకి ఇవాళ ఇంత జనమా? దయ్యం గురించి ఊరంతా చెప్పుకుంటున్నట్టుందని మురిసిపోయి, గోడవారగా నిలబడి బావగారి కోసం చూశాడు. అన్నిటికంటే మంచి సీటు, వదిన పక్కనే, ఆయన కోసం ఖాళీగా ఉంచారు. బావగారు మాత్రం రాలేదు. సినిమా మొదలైంది.

బాబాయి గేటు దగ్గరే ఉండిపోయాడు. యజమాని వస్తే ఎదురెళ్ళి తీసుకురావాలి కదా. ఆ కంగారులో దయ్యం సంగతి పూర్తిగా మరిచిపోయాడు.

తెరమీద చీకటి పడింది. తలుపు కిర్రుమంది. మేనేజరు పిడికిళ్ళు బిగించి జనం వైపు చూసి నిర్ఘాంతపోయాడు. అంత హాల్లో ఒక్కరూ తెర వైపు చూడడం లేదు. అందరూ మెడలు పక్కకి తిప్పుకుని మెట్ల వైపే చూస్తున్నారు. దయ్యం వచ్చింది, జుట్టు విరబోసుకుంది, ఎవరినో పైకప్పుకి వేలాడదీసింది, వెళ్ళిపోయింది. చీమ చిటుక్కుమనలేదు. ఒక పిల్లవాడు మాత్రం, "అమ్మా, ఇంకెప్పుడు అరవాలి?" అని అడిగాడు.

మేనేజరు గుండె జారిపోయింది. అయినా ఆయన పంతం వదల్లేదు. బావగారు ఇంకా రాలేదు, దయ్యం మళ్ళీ వస్తుంది, బాబాయిని వెతికి పట్టుకుంటే చాలు. ఆయన బయటికి నడవబోతుండగా తెరమీద తెల్లారింది. కథానాయిక వంటింట్లో టీ కలుపుతూ, "అత్తయ్యా, పంచదార ఎంత వెయ్యను?" అని అడిగింది.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుని బావగారు వచ్చాడు. బాబాయి, ఇన్నేళ్ళ అలవాటు ప్రకారం, ఆయన కాళ్ళ ముందు టార్చి వెలిగించాడు.

హాలు మొత్తం కెవ్వుమంది.

వదిన, వాకింగు ఆడవాళ్ళు, మేడలోని వాళ్ళు, పిల్లలు, అందరూ ప్రాణం పెట్టి అరిచారు. బావగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. అంతమంది తనవైపే చూసి అరుస్తుంటే, తన వెనక ఏదో ఉందనుకుని ఆయనా గావుకేక పెట్టి బాబాయిని కౌగిలించుకున్నాడు. ఆ కుదుపుకి బాబాయి చేతిలో టార్చి వెలిగి ఆరి, వెలిగి ఆరి, గోడలమీదా జనంమీదా నాట్యం చేసింది. వెలిగినప్పుడల్లా హాలు మళ్ళీ అరిచింది. ఒప్పుకున్న మాట తప్పేవాళ్ళు కారు ఎవరూ.

"ఆపండి! టార్చి ఆర్పండి!" అంటూ మేనేజరు సెల్‌ఫోన్ లైటు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇటు ఇంకో టార్చి వెలిగిందని జనం ఇటు తిరిగి ఇంకా గట్టిగా అరిచారు. బావగారు బాబాయిని వదిలేసి చీకట్లో వెనక్కి వెనక్కి నడిచి, దొరికిన చోట కూలబడ్డాడు. ఆ గోలకి హడలిపోయిన ఆపరేటరు సినిమా ఆపేసి లైట్లన్నీ వేశాడు.

అరుపులు ఆగిన తర్వాత వదిన గొంతు వినపడింది.

"అన్నయ్యగారూ, కాస్త నా ఒళ్ళోంచి లేస్తారా?"

ఎక్కడో ఒకావిడ ఫక్కుమంది. ఆ నవ్వు హాలంతా పాకింది. ఒకరినొకరు ఎరగని వాళ్ళు చేతులు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, పడీపడీ నవ్వారు. వదిన ఒళ్ళోంచి లేచిన బావగారూ ఆ నవ్వులో కలిశాడు.

మేనేజరు మాత్రం నవ్వలేదు. బావగారిని గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆపాటికి క్యాంటీన్ అక్కా, ఆపరేటరూ తలుపు దగ్గర నిలబడి తమ నిర్వాకం ఒప్పుకున్నారు. ఇక దాచి లాభం లేదు.

"సార్," అన్నాడు మేనేజరు. "నిజం చెప్పేస్తున్నా. హాల్లో ఉన్నవాళ్ళంతా మనవాళ్ళే. దయ్యం వస్తే ఒక్కరూ అరవలేదు. టీ కలుపుతుంటే అరిచారు. తప్పు నాది. వీళ్ళ ఉద్యోగాలు మాత్రం తీసెయ్యకండి, సోఫాల దుకాణంలో ఎక్కడో అక్కడ సర్దండి."

బావగారు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "వాళ్ళు నటించారు, సరే. నేను నటించలేదు కదా?"

"లేదు సార్."

"ఇక్కడ సారేమిటి, బావా అను." ఆయన ఊపిరి పీల్చుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను రోజూ భయపడుతూనే ఉంటా బావా. పిల్లాడు ఫోనెత్తకపోతే భయం. డాక్టరు ఎక్స్‌రే చూసి మాట్లాడకపోతే భయం. ఆ భయాలు ఎప్పుడు అయిపోతాయో తెలీదు, ఎవరితోనూ చెప్పుకోలేను. ఇక్కడ అందరితో కలిసి అరిచా. ఎవరో లైట్లు వేశారు. చూస్తే ఏమీ లేదు! చిన్నప్పట్నుంచీ ఇంత హాయిగా నవ్వింది లేదు. టికెట్టు ఎందుకు కొంటారో ఇప్పుడు తెలిసింది."

మేనేజరుకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ బావగారిని గుండె లేని మనిషనుకున్నందుకు సిగ్గేసింది కూడా.

"సోఫాలవాళ్ళకి వద్దని చెప్పేస్తా," అన్నాడు బావగారు లేస్తూ. "రేపు మళ్ళీ వస్తా. ఆలస్యంగానే వస్తా. ఎప్పుడొస్తానో మాత్రం లోపల అరిచేవాళ్ళకి చెప్పకు, వాళ్ళూ కాస్త నిజంగా అదిరిపడాలి."

మాట ఊరంతా పాకింది. టార్చి వెలుగులో లోపలికి అడుగుపెట్టి, చీకట్లో అంతమంది ఒక్కసారి అరిస్తే గుండె ఎలా ఎగిరిపడుతుందో చూడాలని అందరికీ సరదా పుట్టింది. హాలు రోజూ నిండుతోంది. కాకపోతే ముందుగా లోపలికెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఆట గంట కొట్టాక కూడా జనమంతా క్యాంటీన్ దగ్గరా, పోస్టర్ల చాటునా నక్కి, "మీరు పదండి", "అబ్బే, ముందు మీరు" అని బతిమాలుకుంటున్నారు. బాబాయి కొత్త బ్యాటరీలు వేసుకుని గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. మేనేజరు పట్టువదలకుండా గంటమీద గంట కొడుతున్నాడు.

ఆ హాల్లో ఇప్పుడు వేళకి వచ్చేది దయ్యం ఒక్కటే.