అడ్డకర్ర బిగిసిన పూట

ఆ ఉదయం వడ్రంగి వేసుకున్న పథకం చాలా చిన్నది. కోటద్వారానికి తాను చేసిన తలుపులు ఓసారి మూసి, అడ్డకర్ర దించి చూసి, మళ్లీ బార్లా తెరిచి, పది గంటల ప్రారంభోత్సవానికి తల దువ్వుకుని నిలబడటం. మునిసిపల్ ఛైర్మన్‌గారు మెచ్చినా మానినా అతనికి ఫరవాలేదు. పని నేర్పిన మామగారు వస్తున్నారు. ఇరవై ఏళ్లలో ఆయన నోట "బాగుంది" అన్న మాట అల్లుడు ఒక్కసారీ వినలేదు. పైగా "ఆ అడ్డకర్ర పచ్చిది, వాడకు" అని ఆయన ముందే చెప్పారు. అల్లుడు వింటేనా!

అయిదువందల ఏళ్ల నాటి ద్వారం అది. కూలిన చోటే పాత రాళ్లు ఏరి మళ్లీ కట్టారు. గోడ మాత్రం కట్టలేదు. అటూ ఇటూ పూలమడులు వేసి ఊరుకున్నారు. వడ్రంగి ఊరివైపు నిలబడి తలుపులు మూశాడు. రాత్రి వానకు ఉబ్బిన అడ్డకర్రను సుత్తితో నాలుగు మోది రాతిగూళ్లలోకి దించాడు. దిగనైతే దిగింది గానీ, మళ్లీ రానని మొరాయించింది.

అంతలో అవతలి నుంచి ఎవరో తలుపు తట్టారు. మామగారేమోనని కర్రను ఇంకోసారి గుంజాడు, కదల్లేదు. తలుపులోని చిన్న కిటికీ తీసి, కాస్త కాలం గడుస్తుందని నోటికొచ్చింది అడిగేశాడు. "ఎవరు మీరు? ఎక్కణ్ణించి? ఏం పని మీద?"

తట్టినావిడ చరిత్ర పంతులమ్మ. పొంగిపోయింది. "అబ్బ, ఎంత బాగా పట్టుకున్నారండీ! పూర్వం కావలివాడు తెల్లారగానే ఇలాగే అడిగేవాడు. జవాబు చెప్పినవాళ్లకే ఊళ్లోకి దారి. ద్వారమంటే రాళ్లు కాదండీ, ఆ ప్రశ్న!" అని వెనక్కి తిరిగి, ప్రారంభోత్సవానికి వస్తున్న జనాన్ని "అందరూ వరసలో రండి!" అని కేకేసింది.

ఇక చూడండి. "దర్జీనండీ. ముప్ఫై ఏళ్లుగా ఈ దారినే పోతున్నా. నువ్వెవరని ఒక్కడూ అడగలేదు" అంటూ దర్జీ కళ్లు తుడుచుకున్నాడు. ఒకావిడ తన పుట్టింటితో మొదలుపెట్టి తోడికోడలి నిర్వాకాల దాకా వచ్చింది. వడ్రంగి ఒక చేత్తో కర్ర గుంజుతూ "ఊఁ, ఆ తర్వాత?" అంటూనే ఉన్నాడు. వరస బస్‌స్టాప్ దాటింది. ఛైర్మన్‌గారి కారు దాని చివర ఆగింది.

"ఎవరు మీరు?" అన్నాడు వడ్రంగి తలెత్తకుండా.

"నీకు పిల్లనిచ్చిన మామని."

అలవాటుకొద్దీ నోరు జారింది. "ఏం పని మీద?"

"పచ్చికర్ర చూడ్డానికి."

పెద్దాయన చేతికర్ర పుచ్చుకుని పూలమడి పక్కనుంచి నడిచారు. వరసంతా గొల్లుమంది. "అదేంటి తాతా, దొడ్డిదారిన పోతావు!" ఆయన వినిపించుకోకుండా చుట్టూ తిరిగి అల్లుడి వెనక తేలారు.

"తలుపు వేశావు సరే, గోడేదయ్యా?"

వడ్రంగికి భూమి చీలితే బాగుండుననిపించింది. పెద్దాయన సుత్తి అందుకుని కర్రను ఓ కొసన ఒక్కటిచ్చారు. ఊడొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి.

చప్పట్లు కాదు, తగాదా మొదలైంది. "అప్పుడే తెరిచేశారేం? మా వంతు రానేలేదు!" అందరికంటే గట్టిగా అరిచింది ఛైర్మన్‌గారు. పాపం, కారులో కూర్చుని జవాబు బట్టీ పట్టారట. అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. "రోజూ పొద్దున్న ఓ గంట మూయాలి, వచ్చినవాళ్లందర్నీ అడగాలి. అడ్డకర్ర మాత్రం ఇంకోటి చేయించండి. ఇంత తేలిగ్గా ఊడకూడదు."

మామగారు ఆ రోజు కూడా "బాగుంది" అనలేదు. మర్నాడు కర్ర ఎంచడానికి మాత్రం తానే అల్లుడి వెంట వెళ్లి, నాలుగూ తట్టి చూసి, పచ్చిదే తీశారు.