పన్నెండు గ్రాములు

ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరి, నలభై కిలోమీటర్లు తొక్కి, ఎనిమిదిన్నరకల్లా ఇంటికొచ్చి కాఫీ తాగాలన్నది గ్రాములాయన ఏర్పాటు. ఆయన బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించే అధికారి. మెట్ల మీద పడటం వేరు, మెట్ల దగ్గర పడటం వేరు అని కాళ్ళు విరిగినవాళ్ళకి ఉత్తరాలు రాయడం ఆయన ఉద్యోగం. ఆరు కిలోల తొమ్మిదివందల గ్రాముల కార్బన్ సైకిలు ఆయన ప్రాణం. దాని భాగాలన్నీ వంటింటి త్రాసు మీద తూచి, బరువైనది తీసేసి తేలికది పెడుతూ ఉంటాడు కనక వీధివాళ్ళు ఆ పేరు ఖాయం చేశారు.

ఆ ప్రాణానికున్న గండం మాత్రం ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. ఇలాంటి సైకిళ్ళు తొక్కేవాళ్ళ బూట్ల అడుగున ఒక బిళ్ళ ఉంటుంది. అది పెడలులో టక్కున బిగుసుకుంటుంది, మడమ పక్కకి తిప్పితే ఊడుతుంది. ఆగేముందు తిప్పడం మరిచిపోతే మనిషీ సైకిలూ కలిసి పక్కకి ఒరిగిపోవాల్సిందే. నెల్లాళ్ళలో ఆయన మూడుసార్లు ఒరిగాడు. మూడోసారి అత్తగారి పూలకుండీల మీద.

"ఇంకొక్కసారి పడ్డారంటే సైకిలు మా తమ్ముడికిచ్చేస్తా" అంది భార్య.

"నోటిమాటలొద్దు, కాగితం మీద పెట్టుకుందాం" అని ఆయనే కలం తీశాడు. "పడుట అనగా అరికాలు తప్ప శరీరంలో మరే భాగమైనా నేలను తాకుట. హెల్మెట్ తలపై ఉన్న సమయానికి మాత్రమే ఈ షరతు వర్తించును." ఆ రెండో వాక్యం ముందుజాగ్రత్త. అంతకుముందు వారం స్నానాలగదిలో జారితే, భార్య దాన్ని కూడా లెక్కలో వేసేట్టు కనిపించింది. ఇద్దరూ సంతకాలు చేశారు.

శనివారం సాయంత్రం ఆయన కొత్త చక్రాలడిగాడు. భార్య ససేమిరా అంది. మనసు చిన్నబుచ్చుకుని, తగ్గించడానికి ఇంకేం మిగిలిందా అని వెతికితే బూట్లు దొరికాయి. ఒక్కో బిళ్ళకీ మూడేసి స్క్రూలు! ఒకటి పట్టుకోలేనిదాన్ని మూడు మాత్రం ఏం పట్టుకుంటాయి అనుకుని నాలుగు స్క్రూలు తీసేశాడు. తూస్తే పన్నెండు గ్రాములు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పొద్దున వీధి చివర, మెయిన్ రోడ్డు రాకముందే, అలవాటుగా మడమ తిప్పి చూసుకున్నాడు. ఒంటి స్క్రూ చుట్టూ బూటు గిర్రున తిరిగింది. బిళ్ళ మాత్రం పెడలులోంచి కదల్లేదు. రెండో కాలూ అంతే. ఎదురుగా ఎర్రలైటు. ఆగితే పడాలి, పడితే సైకిలు బావమరిది పాలు. ఆ బావమరిది సైకిలుని ఎండలో పడేసే రకం. గ్రాములాయన చటుక్కున వెనక్కి తిప్పాడు. వాళ్ళ వీధి పార్కు చుట్టూ తిరిగి మళ్ళీ వాళ్ళింటి ముందుకే వస్తుంది, సిగ్నళ్ళు లేవు. ఏదో ఒకటి తోచేదాకా తొక్కుదామనుకున్నాడు. ఏమీ తోచలేదు.

నాలుగో చుట్టులో భార్య బాల్కనీలోకి వచ్చింది. "అదేంటండీ, వెళ్ళలేదా?"

"అసలు సంగతేంటంటే..." అనేసరికి ఇల్లు దాటిపోయింది.

అయిదో చుట్టులో ఆమె ముఖం మారింది. "నిన్న చక్రాలు వద్దన్నాననేనా ఈ అలక?"

"అది కాదే..." ఇల్లు మళ్ళీ దాటిపోయింది.

ఆరో చుట్టుకి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. "సరే, కొనుక్కోండి ఆ చక్రాలు! వీధిలో పరువు తీయకుండా ముందు దిగండి!" అంది భార్య. ఆయన నోరు మూసుకున్నాడు. పదో చుట్టుకి కొత్త హ్యాండిలు కూడా మంజూరైంది. మౌనానికి ఇంత బలముందని పదిహేనేళ్ళ కాపురంలో ఆయనకెప్పుడూ తెలియలేదు.

ఈలోగా పక్కింటి రిటైర్డు మాస్టారు కుర్చీ వేసుకుని లెక్కపెట్టడం మొదలెట్టారు. ప్రతి చుట్టులోనూ మలుపు దగ్గరున్న గోతిని గ్రాములాయన తప్పించుకుని పోవడం ఆయన కళ్ళబడింది.

"గొయ్యి పూడ్చేదాకా దిగడట! మూడేళ్ళుగా అర్జీలు పెడుతున్నాం, మనలో ఒక్క మగాడైనా ఉన్నాడు!" అని నలుగురికీ చెప్పారు. పావుగంటలో అయిదుగురు మద్దతుగా సైకిళ్ళెక్కి వెనకాల చేరారు. ఇరవై రెండో చుట్టుకి కౌన్సిలరు కారు దిగాడు.

"వారంలో పూడ్పిస్తానండీ, దిగండి!"

గ్రాములాయన సాగిపోయాడు.

"మొండోడే! సరే, మూడ్రోజులు!"

మళ్ళీ సాగిపోయాడు. "రేపే!" అని కౌన్సిలరు చేతులు జోడించాడు. వీధంతా చప్పట్లు. గ్రాములాయన ముందు నుయ్యి, వెనక అయిదుగురు మద్దతుదారులు. తొడలు మండుతున్నాయి, నాలుక పిడచగట్టుకుపోయింది.

అత్తగారికి అల్లుణ్ణి చూసి కడుపు తరుక్కుపోయింది. ఫ్రిజ్‌లోంచి చల్లటి నీళ్ళసీసా తీసుకుని, దారిపొడుగునా ఒలకబోసుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి, తొక్కేవాడి ముఖం చూడదు, పాదాలు చూస్తుంది.

"కాళ్ళు రావట్లేదా అల్లుడుగారూ?"

"రావట్లేదండీ!" అన్నాడాయన, ఏడుపొక్కటే తక్కువగా.

"బూట్లు విప్పేసి దిగిపోవచ్చుగా?"

ఆ ముక్క ఆయనకి నిజంగా తట్టలేదు. నలభై ఒకటో చుట్టులో మాస్టారూ కౌన్సిలరూ సైకిలుని చెరోపక్కా పట్టుకున్నారు. ఆయన పాదాలు బయటికి లాక్కుని, మేజోళ్ళతో నేలమీద నిలబడ్డాడు. బూట్లు పెడళ్ళకే వేలాడుతున్నాయి.

"పడలేదు! చూశావా, పడలేదు! ఆ కాగితం ఇప్పుడే నీ ముందు చింపేస్తాను!" అని వంటింట్లోకి పరిగెత్తాడు. లోపల్నించి ధబ్బున చప్పుడైంది.

భార్య వెళ్ళేసరికి అత్తగారు ఒలకబోసిన నీళ్ళలో, ఫ్రిజ్ ముందు వెల్లకిలా ఉన్నాడు. ఆమె తలుపు మీది కాగితం నెమ్మదిగా చదివింది.

"అరికాలు తప్ప అన్నారు. నాకు అరికాళ్ళు తప్ప అన్నీ నేలమీదే కనిపిస్తున్నాయి."

"ఇది వంటిల్లే! సైకిలు బయటుంది!"

"ఇందులో సైకిలు మాటే లేదండీ. హెల్మెట్ మాటే ఉంది."

ఆయన చెయ్యి తలమీదికి వెళ్ళింది. నూట తొంభై గ్రాముల హెల్మెట్. పెట్టుకున్నట్టే తెలియనంత తేలిక అని ఏరికోరి కొన్నది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్లెయిము తిరస్కరించడానికి తనైనా ఇంతకన్నా గట్టి కారణం చూపించలేడు.

మర్నాడు గొయ్యి పూడ్చారు. భార్యా మాట తప్పే మనిషి కాదు. కొత్త చక్రాలు, కొత్త హ్యాండిలు తెప్పించి బిగించి మరీ సైకిలు తమ్ముడికి పంపింది. బావమరిది దానికి స్టాండు, గంట, ముందు ఒక బుట్ట పెట్టించుకున్నాడు. మరీ తేలిగ్గా ఉండి గాలికి ఊగుతోందని, బుట్టలో ఒక ఇటుక వేసుకుని తిరుగుతున్నాడట.