అంబలరాజు విడిది చేసిన ఊరు

"మన ఊరి పేరును ఇయ్యాల, ఇదే రోడ్డు మీద, దోపిడీ సంకెళ్ల నుంచి విముక్తం చేస్తున్నం!" అని ఉద్యమ నాయకులు కరుణాకర్ రావు గారు ప్రకటించారు.

సకల జనుల సమ్మె రోజులు. కోనరావుపేట రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. తొమ్మిది నెలల బిడ్డ మానసను చంకనేసుకుని నేనూ చప్పట్లు కొట్టాను, ఒక చేత్తో ఎంత వీలైతే అంత.

నేను వచ్చింది ఉపన్యాసానికి కాదు. పక్క వాడలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. సూదులు వేయడానికి నర్సు వస్తుందని కబురు. కొత్తామె, దారి తెలియదు. అందుకే రోడ్డు మీద కాపలా.

రావు గారు మూడు రోజులు ఇల్లు కదలకుండా పరిశోధన చేశారు. "అంబలిగూడెం వలస పాలకులు చెడగొట్టిన పేరు. అంబలరాజు అనే చక్రవర్తి ఇక్కడ విడిది చేసిండు. అసలు పేరు అంబలరాజపురం!"

ముసలి గౌరవ్వ ఊరుకోలేదు. "రాజెక్కడోడు దొరా? మీ తాత మమ్ముల వెట్టికి పిలిచి అంబలి పోస్తుండె. గందుకే గా పేరు."

"ఆధారముందా అవ్వా?"

"నేనే తాగిన గద."

"అది నోటి మాట."

"మరి మీ రాజుకేం ఆధారం?"

"ఇప్పుడు ఊరి బోర్డు మీద రాస్తున్న గద!"

చరిత్ర ఎలా రాస్తారో నాకప్పుడే తెలిసింది. నా చదువు ఏడులోనే ఆగిపోయింది మరి.

బండ్ల మీద ఏపీ చెరిపి టీజీ రాయగా మిగిలిన రంగుతో సారే స్వయంగా బోర్డు మార్చారు. తడి ఆరకముందే ఒక స్కూటీ వచ్చి ఆగింది. వెనక సూదుల డబ్బా.

"అన్నా, అంబలిగూడెం ఎటు?"

"గా పేరుతోని ఊరే లేదు మేడమ్. చరిత్రల కలిసింది," అన్నారు రావు గారు.

"అట్లనా? దారి తప్పినట్టున్న." ఆమె బండి తిప్పింది.

అన్నం గుండిగలు దాటుకుంటూ ఉరికాను. "మేడమ్! గిదే అంబలిగూడెం! ఆగుండ్రి!"

"చెల్లె, చరిత్రను కించపరచకు," రావు గారు గద్దించారు.

"నా బిడ్డకు తట్టు పోస్తే మీ రాజు అచ్చి చూస్తడా సారూ?"

నర్సు ఆగి రిజిస్టరు తీసింది. "మానస, అంబలిగూడెం. దీక్షిత, తండ్రి కరుణాకర్ రావు, అంబలిగూడెం... సూదులు గీ ఊరి పిల్లలకే ఇచ్చిండ్రు. వేరే ఊరైతే ఎయ్య."

రావు గారు దీర్ఘంగా ఆలోచించారు. నాయకులన్నాక ఆలోచించాలి. తర్వాత ఇంటికి పోయి, దీక్షితను ఎత్తుకొచ్చి, వరుసలో నా ముందు నిలబడ్డారు.

"ఏ ఊరన్నా?" నర్సు పెన్ను పట్టుకుని అడిగింది.

సారు బోర్డుకు వీపు తిప్పి, చిన్నగా చెప్పారు.

"అంబలిగూడెం."